గొర్రెలలో అంటు గర్భస్రావం

గొర్రెలలో అంటు గర్భస్రావం అనగా సూక్ష్మజీవుల వలన చూడి గొర్రెలు నెలలు నిండకముందే పిండాన్ని విడిచిపెట్టడం. కాపరులు దీనిని ఈసుకుపోవడం అంటారు. ఇది ఒకే వ్యాధి కాదు, పలు వ్యాధులలో కనిపించే ఉమ్మడి లక్షణం. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. ఈ నష్టం ఎక్కువగా చివరి రెండు నెలలలో సంభవిస్తుంది. కారక క్రిములలో కొన్ని మనుషులకు కూడా సోకుతాయి.

ప్రాధాన్యం

2019 నాటి 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో సుమారు 7.4 కోట్ల గొర్రెలు ఉన్నాయి. వీటిలో తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు ఉండగా, ఈ రెండు రాష్ట్రాలు దేశంలో మొదటి రెండు స్థానాలు పొందినవి. సన్నకారు కాపరికి మందయే ఆస్తి. ఏడాదికి ఒక ఈత పోయినచో ఆ ఏటి ఆదాయమే పోతుంది.

విశాఖపట్నం పరిసరాలలో

1933లో ఓడరేవు ప్రారంభమైన తరువాత, ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత విశాఖపట్నం పెద్ద నగరంగా విస్తరించింది. నగరం చుట్టూ ఉన్న ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం వంటి మండలాలలోని పల్లెలలో నేటికీ గొర్రెల పెంపకం కలదు. బీడు భూములు తగ్గినపుడు వేర్వేరు మందలు ఒకే మేత స్థలానికి, ఒకే చెరువుకు చేరుతాయి. బ్రూసెల్లా క్రిమి ఎండలో త్వరగా నశిస్తుంది కాని, తేమగల నీడ నేలలో వారాల తరబడి బ్రతుకుతుంది. కావున కోస్తా ప్రాంతంలో వానాకాలపు దొడ్డి విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం.

కారణాలు

* బ్రూసెల్లా మెలిటెన్సిస్: ఇది ముఖ్యంగా మాయ, పిండం, ఈసిన తరువాతి స్రావాల ద్వారా వ్యాపిస్తుంది. పాలలో కూడా ఉంటుంది. దీనికి దగ్గరి క్రిమి బ్రూసెల్లా ఓవిస్ పొట్టేళ్ళ వృషణాలను దెబ్బతీస్తుంది.
* క్లమీడియా అబార్టస్: చూడి చివరి రెండు మూడు వారాలలో ఈసుకుపోతాయి. ఈ ఏడు సోకిన గొర్రె వచ్చే ఈతలో ఈసుకుపోవచ్చు.
* కాంపైలోబాక్టర్: కలుషితమైన మేత, నీటి ద్వారా వ్యాపిస్తుంది. మందలో తక్కువ కాలంలోనే అనేక గొర్రెలు ఈసుకుపోవచ్చు.
* టాక్సోప్లాస్మా: పిల్లుల మలంతో కలుషితమైన మేత ద్వారా సోకుతుంది.
* కాక్సియెల్లా: మనుషులలో క్యూ జ్వరం కలిగించే క్రిమి. ఎండిన స్రావాల ధూళి ద్వారా గాలిలో కూడా వ్యాపిస్తుంది.

దెబ్బలు, పోషకాహార లోపం, విషపు మొక్కలు, తీవ్ర జ్వరాలు కూడా గర్భస్రావానికి కారణం కావచ్చును. వందకు ఒకటి రెండు గొర్రెలు ఈసుకుపోవడం ఏ మందలోనైనా జరుగుతుంది. అంతకు మించినా, కొద్ది రోజుల తేడాలో వరుసగా జరిగినా అంటువ్యాధిగా అనుమానించాలి.

తక్షణ చర్యలు

కారణం తేలేవరకు ప్రతి గర్భస్రావాన్ని అంటువ్యాధిగానే పరిగణించాలి. కొన్నిచోట్ల మాయను, పిండాన్ని కుక్కలకు వదలడం, ఈసిన గొర్రెను వెంటనే సంతలో అమ్మివేయడం జరుగుతూ ఉంటుంది. మొదటి పని వలన క్రిమి ఊరంతా చేరుతుంది, రెండవ పని వలన మరొకరి మందకు చేరుతుంది.

# ఈసిన గొర్రెను మంద నుండి వేరుచేసి, స్రావాలు పూర్తిగా ఆగేవరకు విడిగా ఉంచాలి.
# పిండాన్ని, మాయను చేతి తొడుగులతో మాత్రమే తీయాలి. గర్భిణీ స్త్రీలు, పిల్లలు దగ్గరకు రాకూడదు.
# పిండం, మాయ, గొర్రె రక్త నమూనాలను మంచు పెట్టెలో పశువైద్యుని ద్వారా ప్రయోగశాలకు పంపాలి. మాయ లేకుండా పంపిన నమూనాతో కారణం తేలడం కష్టం.
# మిగిలినదానిని లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. అక్కడి గడ్డిని కాల్చి, నేలను క్రిమిసంహారకంతో శుభ్రపరచాలి.
# మేతను, నీటిని నేలపై కాక ఎత్తైన తొట్లలో ఇవ్వాలి. కొత్త గొర్రెలను మందలో చేర్చరాదు.

సంచార పశువైద్య సేవకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. విశాఖకు సమీపంలో, విజయనగరం జిల్లా గరివిడిలో, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల కలదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం, షెడ్యూలులోని వ్యాధి సోకినదని అనుమానించిన యజమాని ఆ సంగతిని గ్రామాధికారికి లేదా పంచాయతీ బాధ్యునికి తెలియజేయాలి, రోగపు పశువును వేరుగా ఉంచాలి.

ఫలితాన్ని బట్టి నిర్ణయం

గొర్రెను ఉంచుకోవాలా, తీసివేయాలా అన్నది పరీక్షా ఫలితంపై ఆధారపడుతుంది. టాక్సోప్లాస్మా, కాంపైలోబాక్టర్ వలన ఈసిన గొర్రెకు సాధారణంగా రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. దానిని అమ్మివేయడం కాపరికి అనవసర నష్టం. క్లమీడియా విషయంలో కూడా ఒకసారి ఈసిన గొర్రె మళ్ళీ ఈసుకుపోవడం అరుదు, అయితే దానివద్ద పెరిగిన ఆడపిల్లలను సంతతికి ఉంచరాదు. వ్యాప్తి కాలంలో మిగిలిన చూడి గొర్రెలకు పశువైద్యుని సలహాపై ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చినచో నష్టం తగ్గవచ్చు కాని క్రిమి పూర్తిగా పోదు.

బ్రూసెల్లా అయినచో మంద మొత్తానికి రోజ్ బెంగాల్ పరీక్ష వంటి రక్త పరీక్ష చేయించి, రోగం తేలిన గొర్రెలను పశువైద్యుని పర్యవేక్షణలో తొలగించాలి. గొర్రెలకు చికిత్స ఆచరణలో ఉపయోగపడదు. 1957లో వెలువడిన రెవ్-1 టీకా అనేక దేశాలలో వాడుకలో ఉన్నది, కాని ఇది సజీవ టీకా కావున చూడి గొర్రెలకు ఇచ్చినచో అవి ఈసుకుపోవచ్చు. 2019లో భారత ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా 4–8 నెలల ఆవు, గేదె పెయ్యలకు ఉద్దేశించబడినది. కాబట్టి గొర్రెల విషయంలో పరీక్ష, తొలగింపు, పరిశుభ్రతలే ప్రధాన ఆధారం.

మనుషులకు ప్రమాదం

మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో 1887లో డేవిడ్ బ్రూస్ ఈ క్రిమిని మరణించిన సైనికులలో గుర్తించాడు. అది మేకల పాల ద్వారా వస్తున్నదని 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ పరిశోధన వలన తెలిసింది. మనుషులలో ఇది వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ళనొప్పులతో వారాల తరబడి బాధిస్తుంది. మలేరియా లేదా టైఫాయిడ్‌గా పొరబడే అవకాశం ఉన్నందున, జ్వరం వచ్చిన కాపరి తాను గొర్రెలు కాస్తున్న సంగతిని, మందలో గొర్రెలు ఈసుకుపోయిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. పాలను కాచి మాత్రమే త్రాగాలి.

నివారణ

కొత్తగా కొన్న గొర్రెలను, పొట్టేళ్ళను పరీక్ష చేయించి కొన్ని వారాలపాటు విడిగా ఉంచాలి. పొట్టేళ్ళను ఒక మంద నుండి మరొక మందకు ఎరువిచ్చే అలవాటు మానుకోవాలి. మేత నిల్వలను పిల్లులకు అందకుండా ఉంచాలి. ఏ గొర్రె ఎప్పుడు ఈసినదో, ఎక్కడ కొన్నదో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచినచో పశువైద్యునికి కారణం కనుగొనడం సులభమవుతుంది.