ముదిరిన కరివేపచెట్టును మరల చిగురింపజేయుట

పెన్నకు ఉత్తరమున నున్న కోవూరు ప్రాంతమున పలు పెరళ్ళలో కరివేపచెట్టు ముదిరి మ్రానుగట్టి, చేతికందని కొనలయందే ఆకు నిచ్చుచుండును. ఇంట చెట్టుండగా అంగడిలో ఆకు కొనుట తప్పదు. అట్టి చెట్టును పెల్లగింప నక్కరలేదు. చలి తగ్గిన మాఘ ఫాల్గుణములలో మ్రానును మోకాలియెత్తున ఏటవాలుగా ఱంపముతో కోయవలెను. గొడ్డలి వాడినచో మ్రాను చీలును. మొదట మాగిన పశువులయెరువు వేసి తడిపి, వెలువడు చిగుళ్ళలో బలమైన నాలుగైదింటిని మాత్రమే నిలుపవలెను.

మ్రాను డొల్లబోయినచో వేరునుండి లేచిన పిలకను వేళ్ళతో త్రవ్వి, నీరు నిలువని మిట్టను నాటవలెను. నిలువయుంచిన గింజ సరిగా మొలవదు.

నిమ్మతోటకు దగ్గఱగా మాత్రము కరివేప తగదు. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగు తెగులు మోయు సిల్లా యను చిన్నపురుగు కరివేప లేజిగుళ్ళపైనను గ్రుడ్లు పెట్టును. కోసిన చెట్టున లేజిగుళ్ళు మెండు.