సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు, సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. క్రీడాలోకంలో రహీం సాహెబ్‌గా ప్రసిద్ధుడు. ఈయన 1950 నుండి మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా పనిచేశాడు. భారత జాతీయ జట్టు ఈయన శిక్షణలో 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుండి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగమని పిలుస్తారు. ఆ యుగానికి పునాది బడిపిల్లల ఆటలో పడిందన్నది రహీం జీవితం తెలిపే ముఖ్యాంశం.

విద్య, ఉపాధ్యాయ వృత్తి

రహీం హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజులలోనే విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. పట్టభద్రుడైన తరువాత ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. ఆ తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యతను నిర్వహించాడు. మరోవైపు నగరంలోని స్థానిక లీగు పోటీలలో ఆటగాడిగానూ పాల్గొన్నాడు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. పాఠశాల మైదానంలో పిల్లలను చూసే ఉపాధ్యాయుడే నగరమంతటా పోటీలను నిర్ణయించే కార్యదర్శి కావడం వలన, తన బోధనా పద్ధతులను ఊరంతటా అమలు చేసే అవకాశం ఈయనకు లభించింది.

శిక్షణా పద్ధతి

రహీం పద్ధతిలోని విశేషం పోటీల నియమాలలో ఉంది. ఏ నైపుణ్యం అలవడాలో ఆ నైపుణ్యం లేనిదే గెలుపు సాధ్యం కాని విధంగా ఈయన పోటీలను రూపొందించాడు. వీటిలో మూడు రకాలు ముఖ్యమైనవి.

డ్రిబ్లింగ్ లేని పోటీలు: బంతిని కాలితో తోసుకుంటూ ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకొనిపోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. ఆ కాలపు భారతీయ ఆటగాళ్ళకు ఇది ఎంతో ప్రీతిపాత్రమైన విద్య. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ దీనికే. కాని ఒక్కడే బంతిని అట్టిపెట్టుకుంటే మిగిలినవారు చూస్తూ నిలబడిపోతారు. డ్రిబ్లింగ్‌ను నిషేధించినపుడు బంతి అందినవాడు వెంటనే మరొకరికి అందించక తప్పదు. అందుకోవలసినవాడు ముందుగానే ఖాళీ స్థలంలోకి పరుగెత్తక తప్పదు. ఆ విధంగా బంతి లేనపుడు ఏమి చేయాలో ఆటగాడు నేర్చుకుంటాడు.

బలహీనమైన కాలి పోటీలు: చాలామందికి కుడికాలు అలవాటుగా ఉంటుంది. ఈ పోటీలలో అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. కొంతకాలం ఇలా ఆడిన కుర్రవాడు రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగలుగుతాడు. అటువంటి ఆటగాడు బంతిని ఏ వైపుకు పంపుతాడో ప్రత్యర్థి ఊహించలేడు.

వయసు వారీ పోటీలు: చిన్నపిల్లలు పెద్దవారితో తలపడి దేహబలం చాలక వెనుకబడిపోకుండా, సమవయస్కులతోనే ఆడేటట్లు ఈ పోటీలను ఏర్పాటు చేశాడు.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద కుటుంబపు బాలుడు తులసీదాస్ బలరాం రహీం దృష్టిలో పడి వెలుగులోకి వచ్చినవారిలో ప్రముఖుడు. శిక్షణ కోసం నగరానికి రావడానికి స్తోమత లేని బలరాంకు రహీం సైకిలు అద్దె డబ్బులిచ్చి రప్పించేవాడు. ఈ బలరాం తరువాత రెండు ఒలింపిక్స్‌లలో ఆడి, 1962లో అర్జున పురస్కారం అందుకున్నాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1950లో రహీం సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతలు స్వీకరించాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును గెలుచుకుంది. అప్పట్లో ఢిల్లీలో జరుగుతుండిన డ్యూరాండ్ కప్పును 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి కైవసం చేసుకుంది. కలకత్తా జట్ల ఆధిపత్యం సాగుతున్న రోజులలో ఈ విజయాలు దేశం దృష్టిని హైదరాబాదువైపు మళ్ళించాయి. 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని వరుసగా సాధించింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ మొదలైన హైదరాబాదు ఆటగాళ్ళు భారత జట్టులో స్థానం పొందారు.

జాతీయ జట్టు శిక్షకుడిగా

1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనలులో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. ఆ గోలును సాహూ మేవాలాల్ చేశాడు. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురయింది. అప్పటికి భారత ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడేవారు. ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం కూడా జట్టు వ్యూహాన్ని మార్చాడు. ఆ రోజులలో ప్రపంచాన్ని ఆకట్టుకున్న హంగరీ జట్టు తరహాలో, ముందు వరుస మధ్యలో ఆడే ఫార్వర్డును కొంత వెనుకకు జరిపి ఆడించాడు.

దీని ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారుడయ్యాడు. సెమీఫైనలులో యుగోస్లావియా చేతిలో 4-1తోనూ, మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తోనూ ఓడిన భారత్ నాలుగవ స్థానంతో తృప్తిపడింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1గా సమంగా నిలిచి, పెరూ చేతిలో 3-1తో ఓడింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఆడిన చివరి ఒలింపిక్స్ ఇవే.

జకార్తా, 1962

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నాడు. చునీ గోస్వామి నాయకత్వంలో వెళ్ళిన జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. ఆ తరువాత థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచి సెమీఫైనలు చేరింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షణ వరుసకు ఆధారమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టక, సెమీఫైనలులో సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపాడు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు చేశాడు.

ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించడంతో, సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో స్థానిక ప్రేక్షకులు భారత జట్టుపట్ల తీవ్ర విముఖత చూపారు. అయినా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేయగా భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్ సాధించిన చివరి ఆసియా క్రీడల స్వర్ణం ఇదే.

మరణం, వారసత్వం

జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం మరణించాడు. ఈయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం (మరణం 2021) 1960 ఒలింపిక్ జట్టు సభ్యుడు. శిష్యులలో పి.కె. బెనర్జీ శిక్షకుడిగా మారి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించిన జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు నాయకుడైన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందాడు. ఆ పురస్కారం 1985లో మొదలైనందున రహీం జీవితకాలంలో దానికి అవకాశమే లేదు. ఈయన జీవితం ఆధారంగా అజయ్ దేవ్‌గణ్ ప్రధాన పాత్రలో "మైదాన్" అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది.

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. ఆ తరువాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. బలరాం వంటి మేటి ఆటగాళ్ళు రహీం ఉన్నపుడే కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం మొదలయింది. అయితే వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేసేవి రహీం నెలకొల్పిన పిల్లల పోటీలే. పతకాలు జాతీయ జట్టు ఖాతాలో నిలిచాయి కాని, వాటికి మూలమైన ఆ పోటీల పరంపర ఆయనతోనే క్షీణించింది. ఎడమకాలితో మాత్రమే ఆడాలన్న ఒక నియమం, దానిని అమలుపరచే ఒక ఉపాధ్యాయుడు, ఒక మైదానం ఉంటే ఆ పోటీలను నేటికీ ఏ పాఠశాల అయినా నిర్వహించుకోవచ్చు.