క్రిస్మసు గరిజెలు

క్రిస్మసు అనగానే నేటి పట్టణవాసికి స్ఫురించేది కేకు. కాని బొంరాస్‌పేట వైపు పల్లెలలో పండుగ రాకను ముందుగా చాటేది పొయ్యి మీది నూనె మూకుడు. క్రైస్తవ గృహాలలో గరిజెలు, అరిసెలు, మురుకులు వండనిదే పండుగ వచ్చినట్లు కాదు. క్రీస్తు జననానికీ గరిజెకూ సంబంధమేమిటని అడిగేవారున్నారు. కేకుకు మాత్రం ఉన్నదేమిటి? ఇంగ్లండులో అది మొదట క్రిస్మసుది కానేకాదు. జనవరి మొదటి వారంలో వచ్చే పన్నెండవ రాత్రి ఉత్సవానిది. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఆ ఉత్సవం సన్నగిల్లగా కేకు డిసెంబరు 25కు జరిగింది. మన దేశంలో తలచేరిలో మాంబళ్ళి బాపు 1883లో క్రిస్మసు కేకు చేశాడని ప్రసిద్ధి. దానికి బట్టీ కావాలి. కట్టెల పొయ్యి గల ఇంట అది పుట్టదు.

గరిజె పుట్టుక అటువంటిది కాదు. కోస్తాలో కజ్జికాయ, కన్నడంలో కర్జికాయి, మరాఠీలో కరంజి అన్నీ ఇదే. ‘కజ్జము’ సంస్కృత ‘ఖాద్య’ శబ్దానికి వికృతి. గోవా క్రైస్తవులు సైతం దీనినే నెవ్రి అనే పేరిట క్రిస్మసుకు వండుతారు. ఎండుకొబ్బరి, నువ్వులు, వేయించిన రవ్వ, చక్కెర కలిపిన పూర్ణంలో తడి ఉండదు గనుక దినాల తరబడి చెడదు. నలుగురికీ పంచే పండుగకు ఇంతకంటె అనువైన వంట అరుదు.

పంచడంలోనే ఉన్నది అసలు చరిత్ర. నిజాం ఏలుబడిలో వికారాబాదు వైపు మెథడిస్టులు, మెదకు వైపు వెస్లియనులు పనిచేశారు. కరవు నాళ్ళలో కూలికి కూడు కల్పిస్తూ పోస్నెట్ దొర కట్టించిన మెదకు దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. ఆ మతంలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. అంతకు పూర్వం పండుగనాడు పిండివంట వారికి దొర వాకిట నిలబడితే, పైనుండి చేతిలో పడేది. మిగిలినదే, అదీ దయ ఉంటేనే. క్రిస్మసు వారికొక సొంత పండుగను ఇచ్చింది. దేవుడు మారినా మూకుడు మారలేదు. మారినది పళ్ళెం నడిచే దిక్కు. తమ పొయ్యి మీద వేగిన గరిజెలను తామే ఇరుగుపొరుగుకు పంపసాగారు. పిండివంటలో ఇంతటి తిరుగుబాటు ఉంటుందని వంటల పుస్తకాలు వ్రాసేవారికి తోచలేదు!

అందుకున్న ఇండ్లున్నాయి, ఏదో వంక చెప్పి త్రిప్పి పంపిన ఇండ్లున్నాయి. ఇప్పుడు బేకరీ కేకు కూడ ఆ పళ్ళెంలో చేరింది. కొనితెచ్చిన కేకు ముక్కను సంతోషంగా అందుకున్న చేయి, పక్కనే ఉన్న ఇంటి గరిజె దగ్గర క్షణం సంకోచించడం ఇంకా కొన్నిచోట్ల ఉన్నది.