తీగను తాకకుండ కరెంటు కొలిచే పటకారు

మన హాస్టల్ బోరు మోటరు వెంటవెంటనే రెండుసార్లు కాలిపోయింది గదా. నాలుగు రోజులు చేతిపంపు నీళ్లు బిందెలతో మోసినం. నల్లాలు కట్టెయ్యకుండ వదిలిపెట్టబట్టే మోటరు కాలిందని మనల్ని ప్రార్థనలో నిలబెట్టిండ్రు. అసలు సంగతి ఒక మీటరు బయటపెట్టింది.

దాని పేరు క్లాంప్ మీటర్. మెకానిక్‌లు టాంగ్ టెస్టర్ అంటరు. టాంగ్ అంటే పటకారు. నిజంగనే దానికి పటకారు లెక్క నోరుంటది. మీట నొక్కితే తెరుచుకుంటది, విడిస్తే తీగ చుట్టూ మూసుకుంటది. తీగ కొయ్యొద్దు, పైతొడుగు తియ్యొద్దు.

మా పెంటల మా అమ్మ కరెంటు డబ్బా దగ్గరికి కూడ పోనియ్యదు. అందుకే, తాకకుండ ఎట్ల తెలుస్తదని మెకానిక్ అన్నను అడిగిన. తర్వాత సైన్సు టీచరు విడమర్చి చెప్పింది. కరెంటు పోయే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటది. 1820లో ఆయిర్‌స్టెడ్ దిక్సూచి ముల్లు కదలడం చూసి ఇది కనుక్కున్నడు. మన లైన్ల కరెంటు సెకనుకు 50 సార్లు అటు ఇటు ఊగుతది, దాంతోపాటు ఆ క్షేత్రం కూడ ఊగుతది. పటకారు లోపలి ఇనుముకు సన్నతీగ చుట్ట ఉంటది. ఊగే క్షేత్రం వల్ల ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతది. మీటరు దాన్ని కొలిచి అంకె చూపుతది. బ్యాటరీ కరెంటు ఊగదు, దానికి వేరే రకం మీటరు కావాలె.

అన్న ముందుగాల మోటరు తీగలు మూడూ కలిపి పటకారులో పెట్టిండు. సున్నా వచ్చింది! మీటరు ఖరాబైందని మేం నవ్వినం. "ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తది చెల్లె, ఒక్కొక్క తీగనే పట్టాలె" అన్నడు. మొదటి తీగకు 13 ఆంపియర్లు, రెండోదానికి 13, మూడోదానికి మళ్ల సున్నా. ఈసారి ఆ సున్నా నిజం. వెంటనే మోటరు బంద్ చేసిండు. స్టార్టరు డబ్బాలో ఒక ఫేజు స్క్రూ వదులై, తీగ కొస నల్లగ కాలి ఉంది. మూడు తీగలు మొయ్యాల్సిన బరువు రెండే మోస్తున్నయి, అందుకే మోటరు చుట్టలు వేడెక్కి కాలినయి. బిగించినంక మూడింటికీ 8 వచ్చింది.

గద్వాల దగ్గర జూరాల కరెంటు కేంద్రంలో ఒక్కొక్క యంత్రం 39 మెగావాట్లది, అసొంటివి 6 ఉన్నయి. అంత కరెంటు చేతి మీటరుతోని కొలవరు. తీగ చుట్టూ ఎప్పటికీ ఉండే కడియాలు బిగిస్తరు. సూత్రం మాత్రం ఇదే.

వార్డెన్ మేడం మూడు 8లు చూసింది. నల్లాల సంగతి మళ్ల ఎత్తలేదు. ఆ సాయంత్రం అందరం తలస్నానాలు చేసినం.

— 9వ తరగతి విద్యార్థిని