25 వేల కొలువుల రద్దు: బెంగాల్‌ను కుదిపిన ఉపాధ్యాయ ఆందోళన

ఖరగ్‌పూర్: సమ్మె అన్న మాట ఈ రైల్వే పట్టణానికి కొత్త కాదు. 1920వ దశకం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారి పక్షాన నిలిచిన నాయకుల్లో, అనంతరకాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి ఒకరు. రైల్వే వర్క్‌షాపులో పని కోసం నాడు ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాల మునిమనుమలు నేడు బెంగాల్ బడుల్లో చదువుతున్నారు. అయితే ఈ పర్యాయం వీధికెక్కినది కార్మికులు కాదు, పాఠాలు చెప్పే పంతుళ్లు.

పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వ సాయంతో నడిచే పాఠశాలల్లోని 25,753 మంది ఉపాధ్యాయులు, బోధనేతర సిబ్బంది నియామకాలు చెల్లవని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న తీర్పు చెప్పింది. కలకత్తా హైకోర్టు అంతకుముందు ఏడాది ఇచ్చిన తీర్పును ఈ విధంగా ఖరారు చేసింది. పాఠశాల సర్వీస్ కమిషన్ 2016లో చేపట్టిన ఈ ఎంపికకు 23 లక్షల మందికి పైగా పోటీపడ్డారు. ఖాళీలు 24,640 కాగా నియామక పత్రాలు అంతకు మించి వెలువడడం గమనార్హం. అసలు జవాబు పత్రాలను ధ్వంసం చేయడంతో గింజను, తాలును వేరుచేసే మార్గం మూసుకుపోయింది. ఫలితంగా నిజాయితీగా ఉత్తీర్ణులైన వారు సైతం కొలువులు కోల్పోవలసివచ్చింది.

తీర్పు వెలువడిన వెంటనే ఆందోళన రాజధానిని చుట్టుముట్టింది. ఏప్రిల్ 9న కస్బాలోని విద్యాశాఖ కార్యాలయం వద్ద పోలీసులు లాఠీలు ఝళిపించారు. మే 15న విద్యాశాఖ కేంద్ర కార్యాలయమైన బికాశ్ భవన్ ఎదుట మరోమారు ఘర్షణ చెలరేగింది. ఎంపికలో అన్యాయానికి గురైన అభ్యర్థులు కలకత్తా మైదానంలోని గాంధీ విగ్రహం చెంత సాగించిన ధర్నా 2023 డిసెంబర్ నాటికే వెయ్యి రోజులు దాటిన విషయం విదితమే. అదే ఏడాది మార్చి 10న కరవు భత్యం బకాయిల కోసం ప్రభుత్వోద్యోగులు జరిపిన సమ్మెలోనూ ఉపాధ్యాయులు పాలుపంచుకున్నారు.

కోర్టు ఆదేశాల మేరకు ప్రభుత్వం కొత్త నియమావళిని రూపొందించింది. రాత పరీక్షకు 60 మార్కులు, బోధనానుభవానికి 10 మార్కులు కేటాయించింది. జవాబు పత్రం కార్బన్ ప్రతిని అభ్యర్థికే ఇవ్వాలని నిర్ణయించింది. ఈ సంస్కరణ ఇరువర్గాలకూ రుచించలేదు. ఒకమారు నెగ్గిన పరీక్షను మళ్లీ ఎందుకు రాయాలని పాతవారు, అనుభవం పేరిట తమకు అన్యాయమేమిటని కొత్తవారు నిలదీశారు. 35,726 పోస్టులకు సెప్టెంబర్ 7, 14 తేదీల్లో పరీక్షలు జరిగాయి. మచ్చలేని ఉపాధ్యాయులు అంతవరకూ తాత్కాలికంగా విధుల్లో కొనసాగేందుకు సుప్రీంకోర్టు అనుమతించింది.

రాజకీయంగా ఈ వ్యవహారం నాడు పాలనలో ఉన్న తృణమూల్ కాంగ్రెస్‌ను ఇరకాటంలో పడవేసింది. మాజీ విద్యామంత్రి పార్థ చటర్జీ 2022 జూలైలో అరెస్టయి మంత్రి పదవి కోల్పోయారు. నియామకాలపై సి.బి.ఐ. విచారణకు ఆదేశించిన న్యాయమూర్తి అభిజిత్ గంగోపాధ్యాయ 2024లో పదవికి రాజీనామా చేసి, భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా తమ్లుక్ నుంచి లోక్‌సభకు గెలుపొందారు. అయినప్పటికీ ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాలకు గాను 29 తృణమూల్‌కే దక్కాయి. ఖరగ్‌పూర్ పట్టణం చేరివున్న మేదినీపూర్ స్థానాన్ని సైతం ఆ పార్టీ బి.జె.పి. నుంచి కైవసం చేసుకుంది. ఈ రెండు స్థానాల ఓటర్లు ఇలా భిన్నమైన తీర్పులివ్వడం విశేషం.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ పరిణామాలు పరాయివి కావు. ఇక్కడి తెలుగువారి చిరకాల కోరిక మేరకు తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో నిర్ణయించింది. నాడు విద్యాశాఖను నిర్వహించినది పార్థ చటర్జీయే. పదవ తరగతి పరీక్షలో తెలుగును ప్రథమ భాషగా ఎంచుకునే వెసులుబాటు కూడా రాష్ట్ర విద్యామండలి కల్పించింది. అయితే హోదా కాగితం మీద ఎంత ఘనంగా ఉన్నా, తరగతి గదిలో పాఠం చెప్పే గురువు లేనినాడు అది పిల్లవాడికి అక్కరకు రాదు. ఆ గురువును ఎంపిక చేసే పరీక్ష మీద ప్రజలకు నమ్మకం కుదరడమే ఇప్పుడు అసలు పరీక్ష.