పోర్టును బట్టి మార్గం: రెండు లైన్లున్న రౌటర్‌లో మెయిల్ రాకపోకలు

రౌటర్ సహజంగా గమ్యస్థానాన్ని మాత్రమే చూస్తుంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను పిన్‌కోడును బట్టి వేరుచేసినట్లే, ప్యాకెట్ మీది గమ్య చిరునామాను బట్టి దాని దారిని నిర్ణయిస్తుంది. పోర్టు సంఖ్య కవరు మీద ఉండే వ్యక్తి పేరు వంటిది; ఉత్తరం ఏ రైలెక్కాలో తేల్చడానికి ఆ పేరుతో పని లేదు. కాబట్టి ఒక పోర్టు రాకపోకలను మాత్రమే వేరే లైను మీదుగా పంపాలంటే విధానాధారిత రౌటింగును ఆశ్రయించాలి. లైనక్స్ రౌటర్‌ను, సొంత మెయిల్ సర్వరున్న ఒక విద్యాసంస్థను ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆ సంస్థకు రెండు లైన్లున్నాయనుకుందాం. మొదటిది చిరునామా మారుతూ ఉండే బ్రాడ్‌బ్యాండ్. రెండవది స్థిర చిరునామా గల లీజు లైను. బయటి మెయిల్ సర్వర్లకు వెళ్లే 25వ పోర్టు రాకపోకలు రెండవదాని మీదుగానే సాగాలి. సంస్థ పేరుతో మెయిల్ పంపే అర్హత ఏ చిరునామాలకు ఉందో ఎస్‌పీఎఫ్ అనే డీఎన్ఎస్ ప్రకటన చెబుతుంది. అందులో లేని చిరునామా నుంచి వచ్చిన మెయిల్‌ను స్వీకర్త తిరస్కరించవచ్చు, చెత్తబుట్టలోనూ వేయవచ్చు. ఒక పరిశోధకుని వ్యాసం గడువులోగా సంపాదకునికి చేరుతుందా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది.

లైనక్స్‌లో ప్రధాన రౌటింగ్ పట్టికతో పాటు అదనపు పట్టికలను ఏర్పరచుకోవచ్చు. 100 అనే సంఖ్యతో ఒక పట్టిక సృష్టించి, అందులో లీజు లైను గేట్‌వేను డిఫాల్ట్ మార్గంగా రాస్తాము. ఫైర్‌వాల్ 25వ పోర్టుకు వెళ్లే ప్యాకెట్లకు ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తున్నవి 100వ పట్టికను చూడాలని ఒక నియమం చెబుతుంది. ప్రధాన పట్టిక నియమపు వరుస సంఖ్య 32766 కాబట్టి మన నియమానికి అంతకన్నా చిన్న సంఖ్య ఇవ్వాలి. లీజు లైను గుండా వెళ్లే ప్యాకెట్ల మూల చిరునామాను ఆ లైను చిరునామాగా మార్చే ఏర్పాటూ అవసరమే. 2018లో వచ్చిన 4.17 కెర్నెల్ నుంచి గుర్తు లేకుండా నియమంలోనే పోర్టును పేర్కొనవచ్చు. అయితే ఆ నియమానికి ప్యాకెట్ తెలుసు గాని అది ఏ సంభాషణలోనిదో తెలియదు.

ఈ తేడా చిన్నది కాదు. బయటి నుంచి లీజు లైను గుండా వచ్చిన మెయిల్‌కు మన సర్వర్ ఇచ్చే జవాబులో 25 మూల పోర్టుగా ఉంటుంది, గమ్య పోర్టుగా కాదు. గమ్య పోర్టును చూసే నియమం దానిని వదిలేస్తుంది. జవాబు బ్రాడ్‌బ్యాండ్ గుండా, ఆ లైనుకు చెందని మూల చిరునామాతో బయలుదేరి దారిలోనే రాలిపోవచ్చు. అందువల్ల గుర్తును సంభాషణ మొత్తానికి వేసి, లోపలి వైపు నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ దానిని తిరిగి అంటించాలి. బయటి వైపు నుంచి వచ్చేవాటికీ అంటిస్తే, డిఫాల్ట్ మార్గం తప్ప మరేమీ లేని 100వ పట్టిక వాటిని వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. రివర్స్ పాత్ ఫిల్టర్ విలువ 1గా ఉంటే లీజు లైను మీద వచ్చే ప్యాకెట్లను రౌటరే పారవేయవచ్చు. దానిని 2కు సడలించాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఉపేక్షకు గురయ్యేది లైను తెగిన సందర్భం. ఇంటర్‌ఫేస్ పడిపోగానే దాని మార్గాలు తొలగిపోతాయి, 100వ పట్టిక ఖాళీ అవుతుంది, వెతుకులాట తరువాతి నియమానికి జారుతుంది. మెయిల్ నిశ్శబ్దంగా బ్రాడ్‌బ్యాండ్ గుండా వెళ్లిపోతుంది. వెబ్ రాకపోకలకైతే ఇది సౌకర్యమే, మెయిల్‌కు కాదు. అదే పట్టికలో ఎక్కువ మెట్రిక్‌తో ‘చేరరానిది’ అనే రకపు డిఫాల్ట్ మార్గాన్ని ఉంచితే మెయిల్ సర్వర్ వరుసలోనే ఆగి, తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆలస్యం తిరస్కారం కన్నా మేలని నా అభిప్రాయం.

ఐపీవీ6కు నియమాలు, పట్టికలు వేరు. వాటిని విడిగా రాయకపోతే మెయిల్ అటునుంచి జారుతుంది. ఏర్పాటంతా పూర్తయ్యాక లీజు లైను తీగను ఊడదీసి, బ్రాడ్‌బ్యాండ్ ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్‌తో 25వ పోర్టును గమనిస్తూ ఒక మెయిల్ పంపి చూడాలి. అక్కడ ఒక్క ప్యాకెట్ కూడా కనిపించకూడదు.