కొంతం చౌక్‌లో మూడడుగుల సముద్రం

మా ఇంట్లో ముందు గదికీ కార్ఖానాకీ నడుమ ఒక్కటే గోడ. గోడకు అవతల నాలుగు టవల్ మగ్గాలు పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా ఆడుతూనే ఉంటాయి. ఇవతల, షాబాద్ బండల మీద, మూడడుగుల గాజు తొట్టిలో నారింజ రంగు చేపలు రెండు తిరుగుతుంటాయి. సముద్రపు చేపలు. సోలాపూర్‌లో మా తూర్పు భాగానికి కుళాయి నీళ్ళే నాలుగైదు రోజులకోసారి వస్తాయి. ఇక సముద్రం మాట చెప్పాలా! అందుకే కొంతం చౌక్ మీదుగా పోయేవాళ్ళు ఎవరో ఒకరు గుమ్మంలో ఆగి, ‘ఇది ఎట్ల కట్టినవే?’ అని అడుగుతుంటారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు, కూర్చుని రాస్తున్నాను.

నేను జాబర్‌ని. పవర్‌లూమ్‌లు బిగించడం, మొరాయిస్తే దారికి తేవడం నా పని. తాతల నాడు తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి ఇల్లు మాది. బాపు చాదర్లు నేశాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బొంబాయి తీసుకుపోయి, మెరైన్ డ్రైవ్‌లో తారాపోర్‌వాలా అక్వేరియం చూపించాడు. 1951లో తెరిచిన పాత చేపల ప్రదర్శనశాల అది. చీకటి నడవలో వరసగా వెలిగే గాజు కిటికీలు, వాటి వెనక నేను పేర్లు కూడా విననన్ని రంగులు. ఒక కిటికీకి ముక్కు ఆనించి నిలబడితే బాపు చెయ్యి పట్టి లాక్కుపోవాల్సి వచ్చింది. ఆ కిటికీ నాలో అలాగే ఉండిపోయింది. కట్టుకోవడానికి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

నేను కట్టింది పై అంచున పట్టీ లేని తొట్టి. పూర్వం అక్వేరియం అంటే ఇనుప చట్రంలో అద్దాలు బిగించి పుట్టీ పట్టించేవారు. మంచినీళ్ళకు అది ఎలాగో చెల్లింది గాని ఉప్పునీటికి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది? 1960లలో సిలికోన్ జిగురు వచ్చి అద్దాన్ని అద్దానికే అతికించింది, చట్రం పని అయిపోయింది. ఆ తరవాత జపాన్‌లో నీగాతా వాడు తకాషి అమానో (1954–2015) తన నీటిమొక్కల తొట్లను పై పట్టీ కూడా లేకుండా చేయించి, ఆ అందం లోకమంతటికీ అలవాటు చేశాడు. నీళ్ళను కోసి బల్ల మీద పెట్టినట్టుంటుంది. అయితే ఆ పట్టీని అలంకారానికి పెట్టలేదు. నీటి తోపుకు అద్దం నడుమ భాగం బయటికి వంగకుండా పట్టి ఉంచేది అదే. అది తీసేశామంటే ఆ పనంతా అద్దం మందమే చెయ్యాలి, మూలల అతుకే చెయ్యాలి.

ఆ తోపు ఎంతో లెక్క వేసుకోకుండా అద్దాల దుకాణానికి వెళ్ళకూడదు. నా తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. అందులో 42 సెంటీమీటర్ల లోతున ఉప్పునీళ్ళు నిలిస్తే ముందు అద్దం మీద పడే తోపు ఎనభై కిలోల దాకా ఉంటుంది. ఒక నిండు మనిషి లోపలి నుంచి వీపు ఆనించి రాత్రీ పగలూ నెడుతున్నాడనుకోండి. తొట్టిని వెనక్కి ఎంత పెంచినా ఈ తోపు మారదు. లోతు పెంచితే మాత్రం, రెట్టింపు లోతుకు నాలుగింతలవుతుంది. కొత్తవాళ్ళు ఎత్తు తొట్టి మీద మోజు పడతారు. పడవద్దని నా మాట. ఈ కొలతకు 10 ఎం.ఎం. అద్దం చాలని చెప్పేవాళ్ళున్నారు. పక్కన మగ్గాలు ఆడే ఇల్లు కాబట్టి నేను 12 వేశాను.

టఫెన్డ్ అద్దం గట్టిదే, కానీ ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కొయ్యలేం, బెజ్జం వెయ్యలేం, ప్రయత్నిస్తే అటుకుల్లా రాలిపోతుంది. వెనక అద్దానికి నీళ్ళు దిగే బెజ్జం కావాలి కనుక మామూలు అద్దమే తీసుకుని, అంచులు మెషీన్ పాలిష్ పట్టించాను. ఇంటికి తెచ్చాక ఐదు ముక్కలకూ మూల నుంచి మూలకు టేపు పెట్టి చూశాను. ఒక పక్క అద్దం రెండు మిల్లీమీటర్లు ఓరగా ఉంది. దుకాణంలో ‘సిలికోన్‌లో కలిసిపోతుంది, ఏమీ కాదు’ అన్నారు. మగ్గంలో ఫణి పుల్ల ఒక్కటి వంగితే గుడ్డ పొడవునా గీత పడుతుందని తెలిసినవాణ్ణి, ఆ మాట ఎలా వింటాను? మార్పించుకున్నాను.

స్టాండ్ సంగతి బాపు తేల్చాడు. నేను ఇంట్లో ఉన్న పాత బల్ల చూపిస్తే, ‘నీళ్ళే గదా అనుకోకురా. పడుగు బీమ్ ఇద్దరు మోస్తరు, గీ నీళ్ళు నలుగురు మోయలేరు’ అన్నాడు. నిజమే. నీళ్ళు నూట అరవై కిలోలు, అద్దం యాభైకి దగ్గర, పైన రాళ్ళు, కింద రెండో తొట్టి. అంతా కలిపితే మూడు వందల పైమాటే. నలభై ఎం.ఎం. చదరపు ఇనుప పైపుతో చట్రం వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్ మీద ఎపాక్సీ రంగు రెండు పూతలు వేశాను. ఉప్పు తుంపర పడ్డ చోట మామూలు రంగు పొక్కి లేస్తుంది. కాళ్ళ కింద మగ్గాలకు వేసే రబ్బరు ముక్కలే పెట్టాను, గోడకూ స్టాండ్‌కూ నడుమ జానెడు ఎడం వదిలాను. రసమట్టం పెట్టి పొడవునా అడ్డంగా ఐమూలగా చూసి, పల్లం ఉన్న కాలు కింద ఇనుప రేకు దోపాను. పైన మెరైన్ ప్లై, దాని మీద పలచని ఫోమ్ షీట్. పట్టీ లేని తొట్టి అడుగు అద్దం నేరుగా బల్ల మీదే కూర్చుంటుంది. కింద ఒక్క ఇసుక రేణువున్నా బరువంతా దాని మీద పడి అద్దం అక్కడే చిట్లుతుంది. ఫోమ్ ఆ గరుకును మింగేస్తుంది.

ఇక అతికించడం. బాత్‌రూమ్ సిలికోన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపకు విషం. మందు కలపని సిలికోన్ కావాలి. ట్యూబు కొయ్యగానే ముక్కుకు గుప్పుమని వెనిగర్ వాసన తగిలే రకంలోనూ మందు కలిపినవి ఉంటాయి, ట్యూబు మీద చదివి చూసుకోవాలి. అద్దం అంచులు అసిటోన్‌తో తుడిచాక చెయ్యి తగలనివ్వకూడదు. అతుకుకు రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసుకోవాలి. అద్దానికీ అద్దానికీ నడుమ ఒక మిల్లీమీటరు సందు నిలవాలి. గట్టిగా నొక్కితే సిలికోన్ అంతా బయటికి వచ్చి, పట్టు ఉండదు. సందు కోసం నేను ఇన్సులేషన్ టేపు చిన్న ముక్కలు దొంతులు పెట్టాను.

మొదటిసారి నేను తప్పింది ఇక్కడే. వెనక అద్దం నిలబెట్టి, మూలమట్టంతో సరిచూస్తూ పది నిమిషాలు గడిపేశాను. ఈలోగా రెండో వరస సిలికోన్ మీద మీగడ కట్టింది. అద్దం దాని మీద దించితే అంటుకున్నట్టే ఉంది గాని, బయటి నుంచి టార్చి వేసి చూస్తే నల్లటి అతుకులో వెండి తీగలాంటి మెరుపు సన్నగా మూడు అంగుళాలు కనిపించింది. అది గాలి. తెలిసీ, పైన ఇంకొంత పూసి సరిపెట్టుకున్నాను. వారం ఆగి, వాకిట్లో పాత పేపర్లు పరిచి నీళ్ళు నింపాను. పొద్దుటికి పేపరు మీద రూపాయంత తడి. ఆరిన సిలికోన్ మీద కొత్తది పట్టదు, పైపూత పనికిరాదు. బ్లేడు పెట్టి మొత్తం విప్పి, అంచులు గీకి శుభ్రం చెయ్యడానికే రెండు ఆదివారాలు పోయాయి. రెండోసారి తమ్ముణ్ణి పిలిచి అద్దం పట్టించాను, నేను గన్ను పట్టాను. ఒక్క అతుకుకు నాలుగు నిమిషాలు దాటలేదు. పడుగు తప్పుగా ఎక్కితే పేకతో సర్దలేం అని బాపు ఎప్పుడూ అనే మాటే, తొట్టికీ అంతే.

స్టాండ్ లోపల ఉన్న చిన్న తొట్టిని సంప్ అంటారు. పై తొట్టి నీళ్ళు వెనక బెజ్జం అంచు దాటి పైపులోంచి అందులోకి దిగుతాయి, వడపోత అయ్యాక పంపు వాటిని తిరిగి పైకి ఎత్తుతుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పై నీళ్ళు మాత్రం అంచు దాకా దిగుతూనే ఉంటాయి. నా తొట్టిలో రెండు సెంటీమీటర్లు దిగితే ఏడున్నర లీటర్లు. కింద పన్నెండు లీటర్ల ఖాళీ ఎప్పుడూ వదిలిపెడతాను. పైకెక్కే పైపుకు నీటిమట్టానికి కొంచెం దిగువన చిన్న బెజ్జం వేశాను. మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చుకుని వెనక్కి లాగడం ఆపేస్తుంది.

అన్ని ఊళ్ళకూ లేని బాధ ఒకటి మాకుంది, దూది నూగు. టవల్ కార్ఖానా పక్కన మూత లేని తొట్టి పెడితే పూట తిరక్కుండా నీటి మీద తెల్లటి పొర కడుతుంది. నీళ్ళు అంచు దాటి దిగడం వల్ల ఆ పొర కూడా కిందికి జారి స్పాంజిలో చిక్కుతుంది. రెండు రోజులకోసారి స్పాంజి పిండితే గుప్పెడు నూగు వస్తుంది. ఈ చేపలు ఎగిరి బయట పడతాయి కూడా. అందుకే అల్యూమినియం చట్రానికి దోమల జాలి బిగించి పైన పెట్టాను. జాలి బిగువు పట్టడానికి మాత్రం నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

ఇక సముద్రం. ఆర్.ఓ. నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలపాలి, నాకు అయిదున్నర కిలోలు దాటింది. వంట ఉప్పు పనికిరాదు, సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం లాంటివన్నీ ఉండాలి. ఆర్.ఓ. వదిలేసే నీళ్ళు బండలు కడగడానికి పట్టి పెడతాం, మా ఊళ్ళో నీళ్ళు పారబోసే అలవాటు ఎవరికీ లేదు. శ్రావణ పూర్ణిమ మరునాడు ఉప్పు కలిపాను. ఆ పూర్ణిమకు కొంకణంలో కోలీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పిస్తారు, ఇక్కడ మా మార్కండేయుడి రథం ఊరేగుతుంది. మంచిరోజనే అనుకున్నాను.

నీళ్ళు నింపగానే చేపల్ని వదిలితే చంపినట్టే. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ళ రంధ్రాల్లో పెరగాలి. ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్ళనిచ్చి, పరీక్ష మందుల రంగు చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఎనిమిది రోజులు. ఖాళీ నీళ్ళకు లైటు వేసుకుని కూర్చున్నానని వాడకట్టంతా నవ్వింది.

రాళ్ళ విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. విదేశీ తొట్ల ఫొటోలలో పగడాలు చూసి మనసు పడతాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో 2001లో రీఫ్ కట్టే పగడాలనూ, సముద్ర గుర్రాలనూ చేర్చారు. పులికి ఇచ్చిన రక్షణే వాటికీ ఇచ్చారు. చచ్చిన పగడపు రాయి అమ్మినా, కొన్నా నేరమే. చట్టం లేకపోయినా నేను తేను. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చస్తుంటే, మిగిలినవి ఊడబెరికి నా గదిలో పెట్టుకోవడం ఏం ప్రేమ? నా తొట్టిలోవి కాల్చిన సెరామిక్ రాళ్ళు. నారింజ రంగు క్లౌన్ చేపలు కూడా హేచరీలో పుట్టినవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళ విళింజం, మండపం కేంద్రాలు క్లౌన్ చేపల్ని తొట్లలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించి పెట్టాయి. తొట్టిలో పుట్టింది తొట్టి తిండికి అలవాటై వస్తుంది, ఎక్కువ కాలం బతుకుతుంది.

ఆ రెంటినీ ఆక్సిజన్ కొట్టిన సంచిలో పెట్టుకుని బొంబాయి నుంచి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఒళ్ళో పట్టుకుని తెచ్చాను. సంచిని కింది సంప్‌లో తేలేసి, ముడివేసిన సన్నగొట్టంతో బొట్టుబొట్టుగా పై తొట్టి నీళ్ళు కలుపుతూ గంటసేపు కూర్చున్నాను. క్లౌన్ చేపల్లో ఏదీ పుట్టుకతో ఆడది కాదు, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పెద్దది ఎవరో స్పష్టంగా తెలుస్తోంది.

మే నెలలో బయట నలభై రెండు డిగ్రీలున్నా తొట్టి నీళ్ళు ఇరవై ఎనిమిది దాటలేదు. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను. మా ఊరి పొడిగాలికి నీళ్ళు ఆవిరై చల్లబడతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్ళే పొయ్యాలి. సంప్ అద్దానికి నీలం టేపు గీత వేసి, ఆ పని మా అవ్వకు అప్పజెప్పాను. రోజూ పొద్దున గీత దాకా చెంబుతో పోస్తుంది. ఎండాకాలమంతా ఆరు చెంబులు పట్టేది.

జూన్ మొదట్లో ఒకరోజు పోసి లేచి, చెంబు బోర్లిస్తూ, ‘ఇయ్యాల నాలుగే పట్టినయిరా. గాలిల తడి ఉంది, వానొస్తది’ అంది. సాయంత్రానికి అక్కల్‌కోట్ వైపు మబ్బు కమ్మింది.